వీధిలో బతుకుతున్న నల్లజాతివారి గురించి డాక్యుమెంటరీ తీయడానికి నాకున్న అర్హత ఏమిటి? కెమెరాను ఎంత దూరంలో ఉంచాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది విజయవాడ దగ్గర ఒక పల్లెటూరు. ప్రస్తుతం లాస్ ఏంజెలెస్‌లో సినిమా నిర్మాణం చదువుకుంటున్నాను. ఏడాదిన్నరగా ప్రతి శనివారం ఇక్కడి స్కిడ్ రో ప్రాంతంలో మధ్యాహ్న భోజనం పెట్టే ఒక చోట వడ్డనకు వెళ్తున్నాను. ఈ ప్రాంతం పేరు విననివారి కోసం కొంచెం వివరంగా చెప్తాను. నగరం నడిబొడ్డున, బ్యాంకుల భవనాల నీడ పడేంత దగ్గరలో, సుమారు 50 బ్లాకుల మేర పేవ్‌మెంట్ల మీద గుడారాలు, ప్లాస్టిక్ పట్టాలు, సూపర్ మార్కెట్ తోపుడు బండ్లు వరుసగా కనిపిస్తాయి. 1976లో నగర పాలకులు ఒక విధానం తెచ్చారు. ఆశ్రయ గృహాలు, చౌక గదుల హోటళ్లు, ఉచిత భోజనశాలలు అన్నీ ఇక్కడే ఉంచితే ఇల్లు లేనివారు మిగతా నగరంలోకి రారని ఆలోచించి, దానికి ‘కట్టడి’ అనే పేరు కూడా వారే పెట్టుకున్నారు. కాబట్టి ఇప్పుడు మనం చూస్తున్నది దానంతట అదే ఏర్పడిన చోటు కాదు. ఇళ్లు లేనివారి సేవల కోసం నగరమూ కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) కలిసి నడిపే సంస్థ 2018 డిసెంబరులో ఒక నివేదిక ప్రచురించింది. లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభాలో నల్లజాతివారు 9 శాతమే అయినా, 2017 లెక్కల ప్రకారం ఇల్లు లేనివారిలో వారు 40 శాతం ఉన్నారని అందులో రాశారు. నేను వడ్డించే వరుసలో నిలబడితే ఈ అంకె కళ్లకు కనిపిస్తుంది.

ఆ వరుసలో ఒక పెద్దాయన ఉన్నారు. వయసు అరవై దాటి ఉంటుంది. ఆయన పేరు ఇక్కడ రాయను. ప్రతి ఉదయం తన గుడారం ముందున్న పేవ్‌మెంటును పొడవాటి కర్ర చీపురుతో ఊడుస్తారు. చెత్తను కాలువలోకి నెట్టేయరు. పాల క్యానును అడ్డంగా కోసి చేసుకున్న చేటలోకి ఎత్తి, మలుపు దాకా నడిచి వెళ్లి డబ్బాలో వేసి వస్తారు. గుడారం ముందు ఒక కార్పెట్ ముక్క, దాని పక్కన విడిచిన బూట్లు ఉంటాయి. తెల్లవారకముందే వాకిలి ఊడ్చే మా అమ్మమ్మను ఆయనలో చూశానంటే అతిశయోక్తి కాదు. రెండు నెలల కిందట, వీధికి అవతలి వైపు నుంచి, ఆయనకు చెప్పకుండా, ఫోనుతో ఆ ఊడ్చే దృశ్యాన్ని ఆరేడు సెకన్లు తీసుకున్నాను. తరగతిలో చూపిస్తే అందరికీ నచ్చింది, ‘ఎంత గౌరవంగా ఉంది’ అన్నారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి శనివారం వెళ్లి ఆయనకు జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన కోప్పడలేదు. ఎంతమంది చూశారని అడిగారు. పదిహేను మంది అని చెప్పాను. ‘చూశాక వాళ్లు నా గురించి ఏమనుకున్నారు?’ అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. క్లిప్పును ఆయన ముందే తొలగించాను.

ఇప్పుడు ఆయనతోనూ, ఆయన ఒప్పుకుంటే ఆ వీధిలో మరికొందరితోనూ కలిసి ఒక డాక్యుమెంటరీ తీయాలని ఉంది. కనికరంతో తీయాలన్నది నా కోరిక, కానీ కనికరం అన్న మాటే నన్ను భయపెడుతోంది, ఎందుకంటే దొంగచాటుగా ఆ ఆరు సెకన్లు తీసినప్పుడు కూడా నాలో ఉన్నది కనికరమే. అనుమతి ఎలా అడగాలి, డబ్బు ఇవ్వవచ్చా, నాలుగేళ్ల కిందట ఈ దేశానికి వచ్చిన తెలుగువాడికి ఈ కథ చెప్పే హక్కు ఎంతవరకు ఉంది అన్నవి నా సందేహాలు. ఈ రంగంలో పనిచేసినవారూ, ఇటువంటి సినిమాలను శ్రద్ధగా చూసినవారూ దయచేసి చెప్పండి.

తూర్పు గుమ్మం

కృష్ణాతీరం గారూ, ఆయనకు వెళ్లి చెప్పడం మంచి పని. మీ ప్రశ్న చదవగానే నాకు 2000లో విడుదలైన ‘డార్క్ డేస్’ అనే డాక్యుమెంటరీ గుర్తుకొచ్చింది. నేను న్యూ జెర్సీలో ఉంటాను. ఆ సినిమాలో కనిపించే సొరంగం మీదుండే పార్కులో ఎన్నోసార్లు నడిచాను.

న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ పడమటి అంచున ఉన్న రివర్‌సైడ్ పార్కు కింద రైలు సొరంగం ఒకటి ఉంది. 1990ల మొదటి సంవత్సరాల్లో అందులో పదులకొద్దీ మనుషులు చెక్క ముక్కలతో, ప్లైవుడ్‌తో గదులు కట్టుకుని ఉండేవారు. నల్లజాతివారు, తెల్లవారు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవారు) కలిసి ఉండేవారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మార్క్ సింగర్ అనే యువకుడు అక్కడికి వెళ్లి వారితో పరిచయం పెంచుకున్నాడు. అతడు అంతకుముందు కెమెరా పట్టినవాడు కాదు. వారి జీవితాన్ని సినిమాగా తీస్తే వచ్చే డబ్బుతో వారు సొరంగం నుంచి బయటపడవచ్చన్న ఆలోచన వారి మధ్య కూర్చున్నప్పుడే పుట్టింది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దాని తర్వాత జరిగినది. ఆ సినిమాకు పనిచేసిన బృందం సొరంగవాసులే. లైట్లు అమర్చింది, సొరంగంలోని కరెంటు తీగల నుంచి విద్యుత్తు లాగింది, కెమెరా కదలడానికి బండి తయారు చేసింది వారే. 16 ఎం.ఎం. నలుపు తెలుపు ఫిల్ము మీద తీశారు.

దాని ఫలితం తెర మీద తెలుస్తుంది. ఒక మనిషి స్టవ్ మీద వంట చేసుకుంటాడు, మరొకతను కుక్కపిల్లలతో ఆడుకుంటాడు, ఇంకొకతను గడ్డం గీసుకుంటూ పక్కవాడిని వేళాకోళం చేస్తాడు. కెమెరా వెనక ఉన్నది కూడా పొరుగువాడే గనక ఎవరూ బయటివాడి కోసం తమ బాధను ప్రదర్శించాల్సిన అవసరం రాలేదు. ఇద్దరు తమ పిల్లలను పోగొట్టుకున్న సంగతి చెప్పే చోట్లు ఉన్నాయి. అవి సినిమా చాలా దూరం నడిచాక వస్తాయి. అప్పటికి మనకు వారి హాస్యం తెలుసు, వారి మొండితనం తెలుసు, వారి వంట తెలుసు. దుఃఖం తెలిసేసరికి వారు మనకు పరిచయస్తులై ఉంటారు. చివర్లో రైల్వే సంస్థ ఖాళీ చేయమన్నప్పుడు, ఇల్లు లేనివారి తరఫున పనిచేసే ఒక సంఘమూ సింగరూ కలిసి ప్రయత్నించగా ప్రభుత్వ అద్దె సహాయం లభించి, వారు తమ గుడిసెలను తామే సుత్తులతో పగలగొట్టుకుని అద్దె ఇళ్లకు వెళ్తారు. ఆ సినిమాకు ఆ ఏడాది సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో ప్రేక్షకుల బహుమతితో కలిపి మూడు బహుమతులు వచ్చాయి.

నాకున్న అసంతృప్తి కూడా చెప్పాలి. అందులో వ్యాఖ్యానం లేదు, చరిత్ర లేదు. క్రాక్ (పొగగా పీల్చే కొకెయిన్ రూపం) పీల్చడం తెర మీద కనిపిస్తుంది కానీ, దాని చుట్టూ ఉన్న చట్టం కనిపించదు. 1986లో చేసిన చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ దొరికితే పడే అయిదేళ్ల కనీస జైలు శిక్ష, పొడి కొకెయిన్ అయితే 500 గ్రాములు దొరికితే తప్ప పడేది కాదు. క్రాక్ కేసుల్లో జైలుకు వెళ్లినవారిలో అత్యధికులు నల్లజాతివారు. ఈ నూటికి ఒకటి నిష్పత్తిని 2010లో 18కి ఒకటిగా తగ్గించారు గానీ, ఈలోగా ఒక తరమంతా జైలు చూసి వచ్చింది, జైలు చూసినవాడికి ఇల్లు అద్దెకిచ్చేవారు అరుదు. దానికన్నా ముందు, 1930లలో ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీయించి నల్లజాతివారుండే పేటలకు ఎర్ర రంగు వేయించింది. ఆ పేటల్లో ఇంటి అప్పులు పుట్టలేదు. ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు. తాతకు సొంత ఇల్లు ఉంటే మనవడికి కష్టకాలంలో తల దాచుకునే చోటు ఉంటుంది, తాతకే ఇల్లు కొనుక్కునే వీలు లేకుండా చేస్తే మనవడి కింద పడిపోవడానికి నేల తప్ప మరొకటి ఉండదు. మీ పెద్దాయన గుడారాన్ని మాత్రమే చూపించి ఈ పటాన్ని చూపించకపోతే, చూసేవారు ఆయనే ఏదో తప్పు చేసి ఉంటారని అనుకుంటారు.

వేపచెట్టు

నేను అట్లాంటాలో, ఇల్లు లేనివారికి గదులు వెతికిపెట్టే పనిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. తూర్పు గుమ్మం గారు కళ వైపు నుంచి చెప్పారు, నేను కాగితాల వైపు నుంచి చెప్తాను.

మీరు కెమెరా పట్టుకుని వెళ్లి ‘మీ కథ చెప్పండి’ అని అడిగితే, అది వారు మొదటిసారి వింటున్న మాట కాదని గుర్తుంచుకోండి. ఈ దేశంలో ఇల్లు కావాలంటే ముందు ఒక ప్రశ్నపత్రానికి జవాబులు చెప్పాలి. ఎన్నాళ్లుగా బయట ఉన్నావు, ఎవరైనా కొట్టారా, మత్తు పదార్థాలు వాడతావా, మానసిక వ్యాధి ఉందా, ఒంటిని అమ్ముకోవాల్సి వచ్చిందా అని పరిచయం లేని మనిషి అడుగుతాడు. జవాబులను బట్టి మార్కులు వేస్తారు. ఎక్కువ మార్కులు వస్తే వరుసలో ముందుకు జరుగుతారు. చాలా నగరాల్లో ఏళ్ల తరబడి వాడిన ఇటువంటి ఒక ప్రశ్నపత్రంలో, నల్లజాతివారికి తెల్లవారికన్నా తక్కువ మార్కులు వస్తున్నాయని పరిశోధనలు చూపించాయి. నాకు అందులో ఆశ్చర్యం లేదు. ప్రభుత్వ కాగితం పట్టుకుని వచ్చినవాడికి ‘అవును, నాకు మతి స్థిమితం లేదు, నేను మత్తు వాడతాను’ అని చెబితే పిల్లలను తీసుకుపోతారని, జైల్లో పెడతారని అమ్మమ్మల కాలం నుంచి నేర్చుకున్న మనుషులు నోరు విప్పరు. కాబట్టి బాధ చెప్పుకుంటే గది దొరుకుతుందన్న అలవాటు ఒకవైపు, చెబితే ప్రమాదమన్న భయం ఇంకోవైపు. మీ కెమెరా ఆ రెండింటి మధ్యకు వెళ్తోంది. మొదటి రోజే స్పష్టంగా చెప్పండి: ‘ఈ సినిమా వల్ల మీకు ఇల్లు రాదు, మీరు వద్దన్నా భోజనం ఆగదు.’ మీరు అక్కడ వడ్డించే మనిషి గనక ఈ రెండో మాట మరీ ముఖ్యం. గరిట పట్టుకున్న చేతికి కాదని చెప్పడం ఎవరికైనా కష్టం. వీలైతే చిత్రీకరణ జరిగినన్నాళ్లు వడ్డన పని మరొకరికి అప్పగించండి.

అనుమతి పత్రం మీద ఒకసారి సంతకం తీసుకుని పెట్టెలో దాచుకోవడం న్యాయవాదులకు సరిపోతుంది, మనకు సరిపోదు. మెలకువగా, మత్తు లేకుండా, ఆకలి లేకుండా ఉన్నప్పుడు అడగండి. వారం తర్వాత మళ్లీ అడగండి. కూర్పు (ఎడిటింగ్) అయ్యాక చూపించి మళ్లీ అడగండి. మధ్యలో ఎప్పుడైనా తప్పుకోవచ్చని కాగితం మీదే రాసి ఒక ప్రతి వారికి ఇవ్వండి. ఆ ప్రతి వానలో తడిసి పోతుంది, గుడారాలు తీసే రోజున పోతుంది, అప్పుడు విసుగు లేకుండా ఇంకొకటి ఇవ్వండి.

ముఖాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నాకు తెలిసిన ఒక తల్లి, కొట్టే భర్త నుంచి తప్పించుకుని వచ్చి మూడు నెలలు కారులో పడుకుంది. ఎవరో తీసిన ఒక వీడియోలో ఆమె వెనక ఉన్న పెట్రోలు బంకు బోర్డు కనిపించింది. రెండు రోజుల్లో అతను ఆ బంకు దగ్గరికి వచ్చాడు. వీడియో తీసిన కుర్రవాడికి ఏ చెడు ఉద్దేశమూ లేదు, మాట్లాడుతూ కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. పైగా 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గ్రాంట్స్ పాస్ అనే నగరం కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత, పడుకోవడానికి ఆశ్రయంలో చోటు లేకపోయినా సరే, బయట పడుకున్నందుకు జరిమానా, శిక్ష వేసే అధికారం నగరాలకు ఉంది. ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో చూపించే ప్రతి దృశ్యాన్నీ ఈ తీర్పు గుర్తుంచుకుని తూచండి. నిద్రపోతున్న మనిషిని మాత్రం ఎన్నడూ తీయకండి. నిద్రలో ఎవరూ అనుమతి ఇవ్వలేరు.

డబ్బు గురించి అడిగారు. ఇవ్వాలన్నదే నా అభిప్రాయం. విలేకరులకు వేరే నియమం ఉండవచ్చు. మీరు వారి పగటి సమయాన్ని గంటల తరబడి తీసుకుంటున్నారు, ఆ గంటల్లో వారు డబ్బాలు ఏరుకునేవారు, క్లినిక్ వరుసలో నిలబడేవారు. గంటకు ఇంత అని ముందే చెప్పి, ఏడ్చినా నవ్వినా మౌనంగా కూర్చున్నా అంతే ఇవ్వండి. అలా చేస్తే దుఃఖానికి ధర కట్టినట్టు కాదు.

ఎర్రమట్టి

నేను వేరే మాట చెప్తాను, నొచ్చుకోకండి. నా సలహా ఏమిటంటే, ఈ సినిమా మీరు తీయకండి. స్కిడ్ రో ఇప్పటికే ప్రపంచంలో అతి ఎక్కువగా చిత్రీకరణకు గురైన వీధుల్లో ఒకటి. కారు అద్దంలోంచి కెమెరా పెట్టి వీధి పొడవునా తీసి లక్షల మందికి చూపించేవారు రోజూ వస్తుంటారు. అక్కడివారికి తమ కథ చెప్పుకోవడం రాదన్న ఊహ మీ ప్రశ్నలో ఎక్కడో దాగి ఉంది. నిజానికి 1985లోనే స్కిడ్ రో వాసులతో జాన్ మాల్‌పీడ్ ప్రారంభించిన లాస్ ఏంజెలెస్ పావర్టీ డిపార్ట్‌మెంట్ అనే నాటక బృందం ఈనాటికీ పనిచేస్తోంది. 2015లో ఆ బృందమే స్కిడ్ రో చరిత్రకు ఒక మ్యూజియమూ దస్తావేజుల నిలయమూ తెరిచింది. అక్కడి చిత్రకారులకు, గాయకులకు, కవులకు ఏటా ఒక పండుగ కూడా జరుపుతున్నారు. మీరు చదువుకున్న కెమెరా విద్యను వారికి అప్పగించి, వారు తీసేదానికి కూర్పులో, ధ్వనిలో సాయం చేయండి. దర్శకుడి పేరు దగ్గర మీ పేరు ఉండి తీరాలా?

మూవియోలా

నేను హైదరాబాదులో ఇరవై ఏళ్లుగా డాక్యుమెంటరీల కూర్పు చేస్తున్నాను. ఎర్రమట్టి గారి మాటలో సగం నాకు అంగీకారమే. మొదట ఆ మ్యూజియంకు వెళ్లండి, అక్కడివారు ఇప్పటికే చెప్పుకున్నదంతా చూడండి. కానీ మిగతా సగంతో నేను ఏకీభవించలేను, ఎందుకంటే ఆ వీధి కథను తెలుగువారికి తెలుగులో చెప్పేవారు అక్కడ ఎవరూ లేరు.

పిల్లలు అమెరికా విమానం ఎక్కేటప్పుడు మన ఇళ్లలో ఏం చెప్పి పంపుతామో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ‘నల్లవాళ్లు ఉండే వీధికి వెళ్లకు, చీకటి పడ్డాక బయట తిరగకు’ అంటాం. అక్కడికి వెళ్లాక స్నేహితుల మధ్య నడిచే చులకన మాటలు ఇంకా ఉన్నాయి, వాటిని నేను ఇక్కడ రాయను. మన పత్రికలు ‘నీగ్రో’ అన్న మాటను ఎంతో కాలం ఏ సంకోచమూ లేకుండా వాడాయి. అయితే 1965లో అమెరికా వలస చట్టం మారి మనవంటి దేశాల వారికి తలుపు తెరుచుకోవడానికి దారి వేసింది నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన వాతావరణమే. మనవారు అక్కడ కొనుక్కున్న ప్రతి ఇంటి పునాదిలో ఆ ఉద్యమం ఉంది. కృష్ణాతీరం గారికి హక్కు ఉందా అని అడిగితే, తెలుగువారి పట్ల ఒక బాధ్యత ఉందని నేను అంటాను. ఆ ఆరు సెకన్లు చూసి పదిహేను మంది ఏమనుకున్నారో పెద్దాయన అడిగారు కదా, ఆ ప్రశ్ననే మన ప్రేక్షకుల వైపు తిప్పి సినిమా కూర్చుకోవచ్చు.

ఇక కూర్పు బల్ల దగ్గర జరిగే తప్పులు. నేను చేసినవే చెప్తున్నాను. ఒకసారి వలస కూలీల మీద తీసిన చిత్రంలో, ఒక ఆమె మాట్లాడి ఆగిపోయి చీర కొంగు సరిచేసుకునే చోట వయొలిన్ వేశాను. ప్రదర్శన అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి ‘నేను అప్పుడు ఏడవలేదయ్యా, ఆలోచించుకుంటున్నాను’ అంది. అప్పటి నుంచి ఎవరి మౌనం కిందా సంగీతం పెట్టలేదు. మౌనం వారిది. పైనుంచి డ్రోనుతో గుడారాల వరుస చూపించాలన్న కోరిక మీకు తప్పకుండా పుడుతుంది, ఎందుకంటే తెర మీద అది బాగుంటుంది. కానీ అంత ఎత్తు నుంచి మనుషులు కనిపించరు. కెమెరాను ఆయన కంటి ఎత్తున ఉంచండి, ఆయన కూర్చుంటే మీరూ కూర్చోండి. వేగం తగ్గించి చూపే (స్లో మోషన్) దృశ్యాలు పెట్టకండి. చీపురు ఎంత వేగంగా ఆడుతుందో అంత వేగంగానే ఆడనివ్వండి.

అన్నిటికన్నా కష్టమైన పని తెలుగు ఉపశీర్షికలు. నల్లజాతివారి ఇంగ్లిషుకు దానిదే అయిన వ్యాకరణం ఉంది, భాషాశాస్త్రజ్ఞులు దాన్ని దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్నారు. అది తప్పుల ఇంగ్లిషు కాదు. మన సినిమాల్లో ఏం జరిగిందో తెలుసు కదా, నాయకుడికి ఒక భాష, రౌడీకి తెలంగాణ, పనిమనిషికి ఉత్తరాంధ్ర యాస అంటగట్టారు. అలవాటు కొద్దీ పెద్దాయన నోట్లో ‘నాకెరుకలేదు సారూ’ వంటి వాక్యం పెట్టారంటే ఆయన గౌరవం అక్కడే పోయింది, మన యాస గౌరవం కూడా దానితో పోయింది. అలాగని పత్రికా భాషలోకి దించితే ఆయన మాటలోని చురుకు చచ్చిపోతుంది. మీ ఇంట్లో అరవై ఏళ్లు దాటిన, నలుగురూ మాట వినే మనిషి ఎవరో గుర్తు చేసుకుని, ఆ మనిషి నోటి నుంచి వచ్చే తెలుగులో రాయండి. ‘బిచ్చగాడు’ అన్న మాట ఎక్కడా రానివ్వకండి, ఆయన అడుక్కోవడం లేదు. ‘నిరాశ్రయుడు’ అన్న మాట కూడా ఆయనకు శాశ్వతమైన ఇంటిపేరులా తగిలించకండి. ‘ప్రస్తుతం ఇల్లు లేదు’ అంటే చాలు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. నెల రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ నెలంతా కెమెరా లేకుండా తిరిగాను. వడ్డన పనికి వేరొక మిత్రుణ్ణి పెట్టి, నేను ఊరికే వెళ్లి కూర్చుంటున్నాను. ఎర్రమట్టి గారు చెప్పిన మ్యూజియంకు పెద్దాయనతో కలిసి వెళ్లాను. ఆయనకు ఆ చోటు నాకన్నా బాగా తెలుసు. గోడ మీద ఉన్న ఒక పాత ఫొటోలో ఇద్దరిని పేరు పెట్టి గుర్తుపట్టారు. దర్శకుడి పేరు విషయం నేను ఎత్తకముందే ‘నా పేరు కూడా అక్కడే ఉంటే మొదలుపెడదాం’ అన్నారు. అలాగే ఉంటుంది.

ఆయన పెట్టిన షరతులు రాసుకున్నాను. తింటున్నప్పుడు తీయకూడదు. పక్క గుడారంలో ఉండే ఆమె గొంతు కూడా వినిపించకూడదు. తనను అడిగే ప్రశ్నలన్నీ నన్ను కూడా తిరిగి అడుగుతారు, నా జవాబులు కూడా సినిమాలో ఉండాలి. ఈ చివరిది విని నేను వెనకాడాను, అప్పుడు నాకు తెలిసింది ఇన్నాళ్లు నేను ఆయనను ఏం చేయమని అడుగుతున్నానో.

తూర్పు గుమ్మం గారు చెప్పిన పటం ఆయన కథలో దానంతట అదే వచ్చింది. తండ్రి లూసియానా నుంచి ఇక్కడికి వచ్చి సౌత్ గేట్‌లోని టైర్ల కార్ఖానాలో చేరాడు. అది 1980లో మూతపడింది. ఆ కొద్ది ఏళ్లలోనే చుట్టుపక్కల కార్లు, టైర్ల కార్ఖానాలు ఒకదాని వెంట ఒకటి మూతపడిన సంగతి ఇక్కడి చరిత్రలో అందరికీ తెలిసినదే. ఇల్లు అద్దెది. ఇల్లు కొనడానికి తండ్రి వెళ్లిన రోజున ఏం జరిగిందో సినిమాలో తానే చెప్తానన్నారు కాబట్టి ఇక్కడ రాయను.

మొన్న వీధి శుభ్రం చేసే లారీలు వచ్చిన రోజున గుడారాలన్నీ పక్కకు తీయాల్సి వచ్చింది. నా దగ్గర కెమెరా ఉంది. దాన్ని సంచిలోనే ఉంచి పరుపుకు ఒక వైపు పట్టుకున్నాను. పరుపు తడి ఎక్కి చాలా బరువుగా ఉంది. లారీలు వెళ్లిపోయాక ఆయన చీపురు తీసి ఊడవడం మొదలుపెట్టి, ‘ఇప్పుడు తీసుకో’ అన్నారు. మొదటి దృశ్యం అదే. ఊడుస్తూ ఒక మాట అన్నారు, దాన్ని తెలుగులో ఎలా పెట్టాలో మూవియోలా గారిని అడగాలి. గుడారం ముందున్న ఆ ఆరడుగుల సిమెంటు చోటును ఆయన ‘నా పోర్చ్’ అంటారు. ‘పోర్చ్ మురికిగా ఉంటే ఎవరూ వచ్చి కూర్చోరు’ అన్నారు. నేను ‘వాకిలి’ అని రాసుకున్నాను. ‘పోర్టికో’ అంటే కారు పెట్టుకునే చోటులా ఉంది. సరిపోతుందా?

మూవియోలా

వాకిలి మనం ఊడ్చి కళ్లాపి చల్లే చోటు. ఆయన అన్నది కూర్చోవడం గురించి. లూసియానాలో చిన్నప్పుడు చూసిన పోర్చ్ ఎలా ఉండేదో, అక్కడ ఎవరు ఏం చేసేవారో ఆయననే అడగండి. అది తెలిస్తే మాట దొరుకుతుంది.

కృష్ణాతీరం

అడిగాను. నాయనమ్మ ఇంటి ముందు చెక్కలతో వేసిన ఎత్తు పోర్చ్ అట. సాయంత్రం పూట ఆడవాళ్లు అక్కడ కూర్చుని బఠాణీలు వలిచేవారట. దారిన పోయేవాళ్లు మెట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పి, ఒక గుప్పెడు వలిచి పెట్టి వెళ్లేవారట. వాకిలి కొట్టేశాను. ‘అరుగు’ అని రాశాను.